వదులు గడియ

ఎడమ చేతిలో ఉలి, కుడి చేతిలో కొయ్యసుత్తి. వంటింటి అలమర తలుపుకు బందు కూర్చునే గాడి తవ్వుతోంది తలుపులక్క. బందు రేకు ఎంత మందమో గాడి అంతే లోతుండాలి. లోతు ఎక్కువైతే తలుపు బిగుసుకుంటుంది, తక్కువైతే మూసినా నోరు తెరుచుకునే ఉంటుంది. నాలుగు దెబ్బలు, ఒక ఊదు. మళ్ళీ నాలుగు దెబ్బలు. పొట్టు ఎగిరి ముక్కుకు తగిలినా ఆమె చూపు గాడి మీద నుంచి కదల్లేదు.

కూతురు బడి నుంచి వచ్చింది. సంచీని పొట్టు కుప్ప మీద పడేసి, చెప్పులైనా విప్పకుండా, దుకాణం వెనక ఇంట్లోంచి పెరట్లో ఉన్న బాత్రూంలోకి పరుగెత్తింది. రోజూ ఇదే పరుగు. "వచ్చిందమ్మా మన పందెం గుర్రం" అని తలుపులక్క మొగుడు నవ్వేవాడు. ఆయన రంగులు వేస్తాడు. ఆమె చేసిన తలుపుల్లో సగానికి రంగు ఆయనదే. తలుపులక్క కూడా ఆ మాటకు నవ్వేది.

ఆ రోజు సంచీ పక్కకు తీయబోతే చేతికి బరువుగా తగిలింది. లోపల నీళ్ళ సీసా పొద్దున ఎలా నింపి ఇచ్చిందో అలాగే ఉంది.

"ఏమే, నీళ్ళు తాగలేదా?"

"దాహం వెయ్యలేదు."

"ఇంత ఎండలోనా?"

"వెయ్యలేదని చెప్పానుగా!"

పిల్ల అలా విసుక్కోవడం కొత్త. తలుపులక్క సీసా తీసి పక్కన పెట్టింది. ఉలి అందుకుంది.

వారం తిరక్కుండానే పిల్లకు చలిజ్వరం వచ్చింది. పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష రాయించి, కాగితం చూసి, పిల్లను వదిలి తల్లినే అడిగింది.

"బడిలో బాత్రూం లేదా?"

"ఉందండీ."

"మరి ఈ పిల్ల పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎందుకు బిగబట్టుకుంటోంది? నీళ్ళు మానేసింది, వచ్చినా ఆపుకుంటోంది. ఈసారికి మందులతో తగ్గుతుంది. ఇలాగే ఉంటే కిడ్నీల దాకా పోతుంది. అప్పుడు నా చేతిలో కూడా ఉండదు."

ఇంటికి వచ్చాక మంచం మీద పక్కన కూర్చుని తలుపులక్క నెమ్మదిగా అడిగింది. పిల్ల గోడవైపు తిరిగే చెప్పింది.

"బాత్రూం తలుపులకు గడియల్లేవమ్మా."

"అది నాకూ తెలుసు. ఇన్నాళ్ళూ ఎలా వెళ్ళారు?"

"ఇద్దరిద్దరం. ఒకళ్ళు లోపల, ఒకళ్ళు బయట తలుపు పట్టుకుని. ఇప్పుడు ఇద్దర్ని పంపట్లేదు. కబుర్లు చెప్పుకుంటారంట. ఒక్కళ్ళే వెళ్ళాలి."

"మరి ఇంటర్వెల్లో?"

"ఇంటర్వెల్లో అందరూ ఒకేసారి వస్తారు. తోస్తారు. ఒకసారి తలుపు తోసేశారు. నేను లోపలున్నాను." దుప్పటి మొహం మీదికి లాక్కుంది. "అందరూ చూశారు."

తలుపులక్క దుప్పటి సర్ది లేచింది. దుకాణంలోకి వచ్చి, చేసే పనేమీ లేకపోయినా ఉలికి సాన పట్టుకుంటూ కూర్చుంది.

ఆమె చదువు ఆరో తరగతిలో ఆగింది. ఎందుకని ఎవరైనా అడిగితే, తలకెక్కలేదని చెప్పేది. నిజానికి లెక్కలు బాగానే ఎక్కేవి. ఆ బడిలో ఆడపిల్లలకు చాటు లేదు, అంతే. ఒక ఏడాది ఓర్చుకుంది. తర్వాత ఒక రోజు తండ్రి దుకాణంలో చిత్రిక పట్టుకుని నిలబడింది, మళ్ళీ బడికి పోలేదు. కొలబద్ద మీద అంకెలు, చెక్క మీద నార నడిచే దారి, ఏ కాలంలో ఏ కర్ర ఎటు వంగుతుందో అన్నీ తండ్రి చేతులు చూసి నేర్చుకుంది. నోటితో ఆయన చెప్పింది తక్కువ. ఆయన పోయాక దుకాణం ఆమెదైంది. మొదట్లో ఆడమనిషి చేసిన తలుపా అన్నవాళ్ళే, తర్వాత ఆమె చేసిన తలుపులో వెంట్రుక కూడా దూరదని చెప్పుకున్నారు. పేరు పోయి తలుపులక్క మిగిలింది.

బడివాళ్ళు మీటింగు పెట్టారు. అమ్మానాన్నలందరూ పిల్లల బెంచీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు. ఎదురుగా బల్ల దగ్గర పెద్ద టీచరు, లెక్కల మాస్టారు. కిటికీ పక్కన ఒకటో తరగతి టీచరు. ఈవిడ కుడి చెయ్యి భుజం కంటే పైకి లేవదు.

మొదట లేచింది బస్సు డ్రైవరు.

"మావాడు నిన్న నిక్కరు తడుపుకుని ఇంటికొచ్చాడు. ఐదో తరగతి చదివేవాడు! మూడుసార్లు అడిగాడట. కూర్చో, కూర్చో, కూర్చో అన్నారట. ఏం మాస్టారూ, వాడేమన్నా మీ కిరీటం అడిగాడా?"

లెక్కల మాస్టారు తొణకలేదు. "ఒకడికి సరే అన్నానంటే ఆవులింత అంటుకున్నట్టు అంటుకుంటుందండీ. భాగహారం మొదలుపెట్టగానే సగం క్లాసుకు వస్తుంది. కూడికలప్పుడు ఒక్కడికీ రాదు. అదేం జబ్బో మీరే చెప్పండి."

కొందరు నవ్వారు. డ్రైవరు నవ్వలేదు.

"నా బస్సులో ముసలాయనెవరైనా అడిగితే, నిజమా అబద్ధమా అని విచారణ పెట్టనండీ. ఆపుతాను. అబద్ధమైతే రెండు నిమిషాలు పోతాయి. నిజమైతే, నేను ఆపకపోతే, సీటు పోతుంది."

ఈసారి అందరూ నవ్వారు, మాస్టారు కూడా. ఆ నవ్వు తగ్గకముందే తలుపులక్క లేచింది. బెంచీలోంచి బయటపడడానికి రెండు చేతులూ ఆనించాల్సి వచ్చింది.

"నవ్వొచ్చిందే గానీ, మా పిల్ల జ్వరంతో మంచం మీదుందండీ. నీళ్ళు తాగడం మానేసింది. ఇంకోసారి ఇలాగైతే కిడ్నీలకు వస్తుందన్నారు. ఒక్కళ్ళే పొమ్మంటారు, తలుపులకు గడియల్లేవు. రెండూ కలిపితే ఆడపిల్ల ఎక్కడికి పోతుందండీ?"

పెద్ద టీచరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"గడియలు తీయించింది నేనే. ఎందుకు తీయించానో మీకు తెలీదా? ఒకటో తరగతి పిల్ల లోపల గడియ పెట్టుకుని తియ్యడం రాక కళ్ళు తిరిగి పడిపోయింది. గడియ బద్దలు కొట్టి తీశాం. ఆరోజు ఇదే గదిలో నిలబడి నన్ను మీరే అడిగారు, చిన్నపిల్లల బడిలో గడియలేంటని. ఇప్పుడు గడియల్లేవేంటని అడుగుతున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం!"

"మళ్ళీ గడియలు పెడితే నేనొప్పుకోను," వెనక నుంచి ఒక తల్లి గొంతు. "మా బుజ్జిది ఇంకా చెప్పుల బెల్టే పెట్టుకోలేదు."

"మీ బుజ్జి కోసం మా పిల్లలు రోగాలు తెచ్చుకోవాలా?"

"అయితే మా పిల్ల చావాలా?"

అక్కడి నుంచి ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలియలేదు. టీచర్ల మీద పడాల్సినవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. కిటికీ పక్కన టీచరు ఒక్క మాటా మాట్లాడలేదు.

గోల కాస్త తగ్గాక తలుపులక్క అంది. "లోపల వేసుకున్నా, బయట నుంచి టీచరు తియ్యగలిగే గడియ చేస్తాను. ఒక్క తలుపుకు పెట్టి చూడండి. బాగుంటే మిగతావి."

పెద్ద టీచరు ఆలోచించింది. "ఒక్క తలుపుకే. ఏదైనా అయితే అదే రోజు తీసేస్తావు."

"తీసేస్తానండీ."

ఆ గడియ కోసం తలుపులక్క ఉన్నవాటిలో మంచి కర్ర తీసింది. అరచెయ్యంత కొయ్య పలక, మధ్యలో కడ్డీ. కడ్డీ తలుపులోంచి బయటికి వస్తుంది. లోపల పలక తిప్పితే గుమ్మంలోని గాడిలోకి వెళ్ళి కూర్చుంటుంది. బయట కడ్డీ కొసను ఇనప తాళంచెవితో తిప్పితే తెరుచుకుంటుంది. పలక అంచులు గరుకు కాగితంతో తోమి తోమి నున్నగా చేసింది. గాడిలో పలక సందు లేకుండా కూర్చుంది. తలుపు ఊపినా టక్కుమనలేదు. మొగుడు వచ్చి తిప్పి చూశాడు.

"బాత్రూంకు పెడుతున్నావా, బంగారం బీరువాకు పెడుతున్నావా?"

"పనికి బాత్రూమని తెలుసా, బంగారమని తెలుసా?" అంది ఆమె.

బడిలో నాలుగు బాత్రూంలు వరసగా ఉంటాయి. సిమెంటు నేల, ముందు ఇరుకైన వరండా. చివరి తలుపుకు గడియ పెట్టి, లోపలికి వెళ్ళి వేసి చూసింది, బయటికి వచ్చి తీసి చూసింది. చెవి ఒకటో తరగతి టీచరుకు ఇచ్చింది. ఆమె గది బాత్రూంలకు దగ్గర. మొదటి రోజులు బాగానే నడిచాయి. ఆ ఒక్క తలుపు ముందే ఆడపిల్లలు బారు తీరారు. తలుపులక్క కూతురు జ్వరం తగ్గి బడికి వచ్చి, ఆ బారులో నిలబడింది.

తర్వాత ఒక మధ్యాహ్నం బడి నుంచి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

తలుపులక్క వెళ్ళేసరికి వరండా నిండా పిల్లలు. రెండో తరగతి పిల్ల పెద్ద టీచరు కొంగు పట్టుకుని వెక్కుతోంది. అప్పటికే బయటికి తీశారు. గడియ ఇటూ అటూ కదలలేదట. ఒకటో తరగతి టీచరు చెవి పెట్టి తిప్పితే చెవి వంగింది గానీ కడ్డీ తిరగలేదట. బడి ఊడ్చి కడిగే ఆయమ్మ పట్టుకారు తెచ్చి బలవంతాన తిప్పేదాకా పిల్ల లోపల ఏడుస్తూనే ఉందట.

తలుపులక్క వేలితో పలక తడిమింది. చెమ్మగా ఉంది. పొద్దునా సాయంత్రమూ ఆయమ్మ బకెట్లతో నీళ్ళు కొట్టి కడుగుతుంది. ఆ నీళ్ళు తాగి కర్ర ఉబ్బింది. సందు ఉంటే ఉబ్బినా తిరిగేది. సందు లేకుండా చెయ్యడమే తన గొప్పనుకుంది. ఇన్నేళ్ళూ ఆమె చేసినవి గదుల తలుపులు, బీరువాల తలుపులు. రోజూ తడిసి ఆరే చోట బిగువుగా ఉండడమే తప్పన్న ఆలోచన రాలేదు.

"చూశావుగా అమ్మా," అంది పెద్ద టీచరు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "తీసెయ్యి."

తలుపులక్క మరలు ఒక్కొక్కటీ విప్పి సంచీలో వేసుకుంది. బారులో నిలబడ్డ పిల్లల్లో కూతురు కనిపించింది. తల్లి చూసేసరికి తల దించుకుని క్లాసులోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం సీసా మళ్ళీ నిండుగా వచ్చింది.

"తాగవే," అంది తల్లి.

"ఇంటికొచ్చాక తాగుతాను."

"డాక్టరమ్మ ఏమందో విన్నావా లేదా?"

"విన్నాను. అయినా అక్కడ తాగను." పిల్ల ఏడవలేదు, ఎదురు తిరగలేదు. పెద్దమనిషిలా నిదానంగా అంది. "నన్ను బడి మాన్పించమ్మా. నాక్కూడా చెక్కపని నేర్పు. నువ్వు మానెయ్యలేదా?"

ఆ విషయం తలుపులక్క పిల్లతో ఎన్నడూ అనలేదు. ఎవరు చెప్పారో కూడా అడగలేదు. మొగుడే లోపలి నుంచి, "ముందు అన్నం తినండి ఇద్దరూ," అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఒకటో తరగతి టీచరు దుకాణానికి వచ్చింది. తలుపులక్క బల్ల మీద పొట్టు తుడిచి కూర్చోమంది.

"తిట్టడానికి వచ్చారా టీచర్?"

"తిట్టాలంటే అక్కడే తిట్టేదాన్ని. ఇంత దూరం ఎండలో నడిచేదాన్ని కాదు." కూర్చుని ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుంది. అది ఆమెకు అలవాటులా ఉంది. "మీటింగులో నేనేమీ మాట్లాడలేదు. ఎందుకంటే అందరూ గడియ గడియ అని కొట్టుకుంటున్నారు. మా ఒకటో తరగతి పిల్ల పడిపోయిన రోజు నన్ను భయపెట్టింది గడియ కాదు."

"మరి?"

"గడియ చిన్నదే. నేను రెండోసారి భుజంతో గుద్దేసరికే ఊడిపోయింది. తలుపే రాలేదు. పిల్ల కళ్ళు తిరిగి తలుపుకే ఆనుకుని పడిపోయింది. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. నేను తోసినకొద్దీ పిల్లను తోస్తున్నాను. గట్టిగా తోస్తే పిల్ల నలుగుతుంది, తొయ్యకపోతే పిల్ల అందదు. అలా కొంచెం కొంచెంగా జరుపుతూనే ఈ చెయ్యి పోగొట్టుకున్నాను."

తలుపులక్క లేచి నిలబడింది. దుకాణం తలుపు దగ్గరికి వెళ్ళి లోపలికి లాగింది, బయటికి తోసింది. మళ్ళీ లాగింది.

"బయటికి తెరుచుకునేలా బిగిస్తే?"

"అదే అడుగుదామని వచ్చాను. అవుతుందా?"

"అవుతుంది. బందులు బయటి మొహానికి మార్చాలి. గుమ్మంలో తలుపు ఆనే అంచు లోపలి వైపుకు రావాలి. కర్ర కొంచెం పోతుంది, పోనీ." చూపు ఎక్కడో కొలతల్లో ఉంది. "ముందే ఎందుకు చెప్పలేదు టీచర్?"

"అవుతుందని నాకేం తెలుసు? తలుపంటే అలాగే ఉంటుందనుకున్నాను. నువ్వెందుకు అడగలేదు?"

"గడియ అన్నారు, గడియ చేశాను."

తలుపులక్క దుకాణం తలుపును మళ్ళీ ఒకసారి బయటికి తోసింది.

"కానీ వరండా ఇరుకు," అంది టీచరు. "నా క్లాసువాళ్ళు నడవరు, పరుగెత్తుతారు. బయటికి తెరిస్తే ఎవడి మొహానికో తగులుతుంది."

లోపలి నుంచి రంగులాయన తల బయటపెట్టాడు. "తలుపు ఎంతమేర తిరుగుతుందో అంతమేరా నేల మీద పసుపు రంగు వేస్తాను టీచర్. ఆ పసుపు తొక్కితే దెబ్బ ఖాయమని చెప్పండి. పిల్లలు గీతకు భయపడినంతగా మనుషులకు భయపడరు."

"మీ ఆయన మాస్టారు కావాల్సినవాడు," అంది టీచరు.

"అవ్వనివ్వండి, ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటుంది," అంది తలుపులక్క. చాలా రోజులకు ఆమె మొహంలో నవ్వు కనిపించింది.

పెద్ద టీచరును ఒప్పించడం ఒకటో తరగతి టీచరే తన మీద వేసుకుంది. ఆమె చెయ్యి చూసి ఎవరూ కాదనలేకపోయారు.

తలుపులక్కకు కష్టమైంది బందులు మార్చడం కాదు, గడియ వదులుగా చెయ్యడం. ఈసారి కర్ర వద్దనుకుని ఇత్తడి పట్టీ తీసుకుంది. పట్టీ పడే గాడిని ఆకురాయితో రాస్తూ, అలవాటు కొద్దీ సరిపోగానే ఆపేసింది. చెయ్యి ఇక చాలంది. ఆమె మళ్ళీ రాసింది. వేలిగోరు దూరేంత సందు వచ్చేదాకా రాసింది. తలుపు ఊపితే పట్టీ గాడిలో టకటకమంది. ఆ చప్పుడు ఆమె చెవికి పంటి కింద రాయిలా ఉంది. తండ్రి ఉంటే, ఇదేం పనే అనేవాడు. అయినా వదిలేసింది. ఒక తలుపుకు చేసి, మొదట పెరట్లో తన బాత్రూంకే బిగించింది. రోజూ బకెట్లతో నీళ్ళు కొట్టింది. తడిసినా, ఆరినా పట్టీ తిరిగింది. ఎదురింటి వాళ్ళ చిన్నపిల్లను తెచ్చి తిప్పించింది. చిన్న వేళ్ళు జారాయి. పట్టీ కొసను పైకి వంచి, వేలు పట్టేలా చేసింది. అప్పుడు తిరిగింది.

నాలుగు తలుపులూ బడి సెలవు రోజున ఊడదీసి మళ్ళీ బిగించింది. పాత బందుల గాడుల్లో చెక్క ముక్కలు అతికి నున్నగా చేసింది. మొగుడు నేల మీద, తలుపు తిరిగే వంపున, పసుపు చాపాలు గీశాడు.

మర్నాడు పెద్ద టీచరు వచ్చి నాలుగు తలుపులూ తెరిచి మూసింది. టకటక వినిపించగానే ఆగింది.

"ఇదేంటి, వదులుగా ఉందే?"

"అలాగే ఉండాలండీ."

"నీ పనిలో వెంట్రుక దూరదంటారు కదా?"

"దూరకపోతే ఏమైందో చూశారుగా."

పెద్ద టీచరు ఆమె మొహంలోకి చూసింది. "ఈసారి పరీక్ష పిల్లల మీద కాదు. నేనే వెళ్తాను." అని లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది.

బయట ఒకటో తరగతి టీచరు చెవి తీసుకుంది. కుడి చేత్తోనే తీసుకుంది. లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, లోపల గాలి ఆడుతోందా?"

"కబుర్లు తర్వాత మాస్టారూ! ముందు తియ్యండి!"

టీచరు చెవి పెట్టింది. మోచెయ్యి నడుము దగ్గరే ఉంచి, మణికట్టు తిప్పింది. పట్టీ లేచింది. తలుపు ఆమె వైపుకు వచ్చింది, తేలిగ్గా. ఎత్తాల్సిన పని లేదు, తొయ్యాల్సిన పని లేదు. తెరిచిన తలుపు పట్టుకుని ఆమె అలాగే నిలబడింది. లోపల నేల ఖాళీగా ఉంది. పెద్ద టీచరు బయటికి రాబోతూ ఆమె మొహం చూసి ఆగింది.

లెక్కల మాస్టారు మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "సరే. ఇక నా క్లాసులో అడగక్కర్లేదు. చెప్పి వెళ్తే చాలు. ఒకసారికి ఒక్కళ్ళే, అది మాత్రం మార్చను. భాగహారం రోజు మాత్రం నేనే లెక్క పెడతాను."

"పెట్టుకోండి," అంది పెద్ద టీచరు. "ఆపకండి, అంతే."

తలుపులక్క మిగిలిన మరలు ఏరి డబ్బాలో వేసుకుంటోంది. క్లాసులు జరుగుతున్నాయి. వరండా చివర అడుగుల చప్పుడైంది. ఆమె కూతురు ఒక్కతే వస్తోంది. పసుపు చాపం దాకా వచ్చి, తల్లిని ఎవరో మేస్త్రీని చూసినట్టు చూసి, దాటుకుని లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. గడియ టక్కుమంది. బయట నుంచి ఎవరూ పట్టుకోలేదు.

తలుపులక్క వెనక్కి తిరిగి చూడలేదు. సంచీలోంచి మిగతా మూడు చెవులు తీసి, చీర కొంగుతో ఒక్కొక్కటీ తుడిచింది. ఒకటో తరగతి గదికి వెళ్ళి టీచరు చేతిలో పెట్టింది.

"ఏది ఏ తలుపుకైనా పడుతుంది టీచర్. ఇక ఇవి మీవి."